సెస్నా 172లో ఇంజన్ మార్పించాలంటే ముందు చూడాల్సింది కాగితాలే

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో మీకో 1978 సెస్నా 172ఎన్ (నాలుగు సీట్ల చిన్న విమానం) ఉంది, 160 హార్స్‌పవర్ ఇంజన్ ఓవర్‌హాల్‌కి వచ్చింది, ఎలాగూ డబ్బు వదిలేదే కాబట్టి 180 వేయించుకోవచ్చా, లేక హ్యాంగర్‌లో ఎవరో అన్నట్టు సుబారు కారు ఇంజన్ పెడితే చవగ్గా తేలిపోతుందా అని. నేను డాలస్ దగ్గర ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి అదే మోడల్ ఉంచుకున్నాను, మూడేళ్ల కిందట 180 వేయించాం.

సుబారు సంగతి మర్చిపోండి. సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ (మామూలు సర్టిఫికెట్ లేని ప్రత్యేక వర్గం) విమానాల్లో ఆ ఇంజన్లు ఎగురుతున్నాయి, అది నిజమే. "మనదీ ఎక్స్‌పెరిమెంటల్‌ కింద రాయించేద్దాం" అనే సలహా మాత్రం వినకండి. అందులో అమెచ్యూర్ బిల్ట్ (సొంతంగా కట్టుకున్నది) కింద రావాలంటే సగానికి పైగా పని ఔత్సాహికులే చేసి ఉండాలి, సెస్నా ఫ్యాక్టరీ కట్టిన విమానానికి అది ఎలా కుదురుతుంది? మిగతా ఎక్స్‌పెరిమెంటల్ రకాలు పరిశోధనకో ప్రదర్శనకో ఇచ్చేవి, పిల్లల్ని ఎక్కించుకుని వీకెండ్ తిరగడానికి కాదు.

ఇక 180. ఇలా ఫ్యాక్టరీలో కట్టిన సర్టిఫైడ్ మోడల్‌కి ఒక టైప్ సర్టిఫికెట్ డేటా షీట్ (దానికి ఏ ఇంజన్, ఏ భాగాలు ఒప్పుకున్నారో రాసిన కాగితం) ఉంటుంది, 172ది 3ఏ12, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సైట్‌లో ఊరికే దొరుకుతుంది. అందులో 172ఎన్ కింద ఉన్నది లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడి ఒక్కటే. అదే పెడితే రీప్లేస్‌మెంట్, మామూలు లాగ్‌బుక్ ఎంట్రీతో పోతుంది. ఇంకేది పెట్టినా, తర్వాత వచ్చిన 172పిలోని ఓ-320-డి2జే అయినా సరే, హార్స్‌పవర్ అదే 160 అయినా సరే, దానికి వేరే అనుమతి కావాల్సిందే. నాకు మొదట ఇది పిచ్చిగా అనిపించింది. ఆ అనుమతి పేరే ఎస్‌టీసీ (సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్). ఎవరో ఒక కంపెనీ ముందే టెస్టులు చేసి ఎఫ్ఏఏ దగ్గర పాస్ చేయించుకుని పెట్టుకుంటుంది, మనం దాన్ని కొనుక్కుంటాం. 172కి 180 హార్స్‌పవర్ ఓ-360 ఎస్‌టీసీలు ఒకటికి మించే ఉన్నాయి, కాబట్టి మీరు కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. ఎస్‌టీసీ కాపీ నెట్‌లో దొరికినంత మాత్రాన వాడేయకూడదు, దాని ఓనర్ మీ విమానానికి రాతపూర్వకంగా పర్మిషన్ ఇవ్వాలి.

నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. తెలిసినాయన దగ్గర ఓ-360-ఏ1ఏ తక్కువ ధరకి దొరికింది, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఓ-360 అంటే ఓ-360యే కదా అనుకున్నాను. తీరా మా ఐఏ (ఇన్‌స్పెక్షన్ అధికారం ఉన్న మెకానిక్) ఎస్‌టీసీ కాగితం మీద వేలు పెట్టి చూపించాడు: ఏ4ఎమ్. ఏ1ఏ క్రాంక్‌షాఫ్ట్ కాన్‌స్టంట్ స్పీడ్ ప్రాప్ (ఎగురుతుండగా రెక్కల కోణం మారే ప్రొపెల్లర్) కోసం బోలుగా ఉంటుంది, ఏ4ఎమ్‌ది ఫిక్స్‌డ్ ప్రాప్ (కోణం మారనిది) కోసం లోపల బోలు లేకుండా ఉంటుంది. ఆ ఒక్క అక్షరం, ఒక్క అంకె దగ్గర నా అడ్వాన్స్ పోయింది. ఇంజన్ కొనే ముందు ఐఏని కలవండి, కొన్నాక కాదు. ప్రాప్ కూడా ఎస్‌టీసీలో రాసిందే ఉండాలి.

ఇంకోటి, ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీ నుంచి మీ విమానం రికార్డుల కాపీ తెప్పించుకోండి. పాత ఓనర్లు చేయించి ఎఫ్ఏఏకి పంపిన పెద్ద మార్పులు ఫామ్ 337ల రూపంలో అందులో ఉంటాయి. మా విమానానికి ఎప్పుడో వేరే ఎగ్జాస్ట్ బిగించారు, దాని ఎస్‌టీసీ పాత ఇంజన్‌కి మాత్రమే పనికొస్తుంది. రెండు ఎస్‌టీసీలు ఒకదానికొకటి పడతాయో లేదో తేల్చాల్సింది బిగించేవాళ్లే, ఎఫ్ఏఏ వచ్చి చెప్పదు.

పని నేనూ కొంత చేశాను, ఏ అండ్ పీ (విమానం బాడీకి, ఇంజన్‌కి లైసెన్స్ ఉన్న) మెకానిక్ పక్కనుండి చూస్తుంటే ఓనర్ చెయ్యి వెయ్యొచ్చు. బరువు దగ్గర మాత్రం మా షాపువాళ్లు "పాత కాగితంలోంచి పాత ఇంజన్ తీసేసి కొత్తది కూడితే సరి" అన్నారు. మా ఐఏ ఒప్పుకోలేదు, మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టించాడు. కాగితం మీదకన్నా 31 పౌండ్లు ఎక్కువ తూగింది! నలభై ఏళ్లుగా ఒక్కో రేడియో, ఒక్కో వైరు, రెండుసార్లు వేసిన పెయింటు, అన్నీ ఎవరూ లెక్కపెట్టకుండా చేరిపోయాయి.

చివర్లో ఐఏ 337 మీద సంతకం పెట్టాడు, ఒక కాపీ మాకు, ఇంకోటి 48 గంటల్లో ఓక్లహోమా సిటీకి. ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్ విమానంలోనే ఉండాలి. విమానం నడకలో చెప్పుకోదగ్గ తేడా వచ్చే మార్పు చేస్తే, ప్రైవేట్ లైసెన్స్ అయినా ఉన్న పైలట్ ముందు ఒకసారి ఎగిరి లాగ్‌లో రాసేదాకా ప్యాసింజర్లని ఎక్కించకూడదు. మా ఆవిడ లంచ్ బాక్స్ పట్టుకుని ఫెన్స్ బయటే నిలబడింది ఆరోజు. ఇన్సూరెన్స్‌వాళ్లకి కూడా అదే వారం చెప్పేయండి.

లాభమా? ఆగస్టు ఎండలో విమానం పైకెక్కడం బాగా మెరుగైంది, శాంటా ఫే లాంటి 6,300 అడుగుల ఎత్తు దాటిన ఎయిర్‌పోర్టుకి ఇదివరకటి టెన్షన్ లేదు. గ్రాస్ వెయిట్ (విమానం మోయగల మొత్తం బరువు పరిమితి) 2,300 పౌండ్ల నుంచి 2,550కి పెరిగింది, కానీ దానికి బదులుగా ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) 40 డిగ్రీలు వదులుకున్నాం, ఇప్పుడు 30 దగ్గరే ఆగిపోతాయి. చిన్న గడ్డి రన్‌వేల మీద ఆ 40 నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీరు ఎక్కువగా అలాంటి చోట్లే దిగేవాళ్లయితే గ్రాస్ వెయిట్ పెంచకుండా ఇంజన్ ఒక్కటే మార్చుకునే వీలుందేమో ఎస్‌టీసీవాళ్లని అడగండి.

అన్నట్టు, మీ సీరియల్ నంబర్ ముందు ఎఫ్ ఉందా చూడండి. ఉంటే అది ఫ్రాన్స్‌లో రీమ్స్ కట్టిన ఎఫ్172ఎన్, దాని టైప్ సర్టిఫికెట్ వేరు, నేను పైన చెప్పిన 3ఏ12 మీకు వర్తించదు.