ఆదివారం దాకా మూత తీయకు

చిట్టితల్లీ,

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో వాల్వుల (పాతకాలపు గాజు గొట్టాల) ఆడియో ఆసిలేటర్, అదే, రకరకాల స్వరాల సిగ్నల్ పుట్టించే పెట్టె, కొన్నావని మీ అమ్మ చెప్పింది. హ్యూలెట్ ప్యాకార్డ్ 200సీడీ అట. మన ఇంటి ఆడపిల్ల వాల్వుల పని నేర్చుకుంటానంటే ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు, అందుకే రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ 115 వోల్టులకి కట్టి ఉందో 230కి కట్టి ఉందో ముందు చూడు. వాల్వులన్నీ కొత్తవి కొనెయ్యకు, చాలాసార్లు పోయేది చార్జి దాచుకునే కండెన్సర్లే. ఏళ్లుగా మూలపడ్డ పెట్టెకి నేరుగా కరెంటివ్వకు, 100 వాట్ల బల్బు పెట్టిన సీరీస్ బోర్డు మీద ఇవ్వు, కరెంటు ఆ బల్బు గుండానే పెట్టెలోకి పోవాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే. అలాగే ధగధగా వెలుగుతుంటే లోపల షార్ట్, వెంటనే స్విచ్ ఆపెయ్.

లోపల ఇంకో చిన్న బల్బు ఉంటుంది. వెలుగు కనిపించదు. మాడిపోయిందని పీకెయ్యకమ్మా, పెట్టెకి ప్రాణమే అది. సిగ్నల్ పెరిగితే దాని ఫిలమెంట్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో సిగ్నల్ మళ్లీ అదుపులోకొస్తుంది. 1939లో స్టాన్‌ఫర్డ్‌లో, ఈ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడైన హ్యూలెట్ తన థీసిస్‌లో చూపించిన కిటుకు. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. 1979లో యశ్వంతపురం గదిలో ఒక సిగ్నల్ జనరేటర్ బాగుచేస్తున్నాను. కరెంటు సప్లై భాగం ఒక్కటే చూద్దామని, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ వాల్వు ఉంచి మిగతా వాల్వులు పీకేశాను. అవి ఉంటే కండెన్సర్లలో చార్జి వాటి గుండా దిగిపోయేది. స్విచ్ ఆపేశాను, ప్లగ్ కూడా పీకాను. పది నిమిషాలాగి, కండెన్సర్‌ని ఖాళీ చేసే రెసిస్టెన్స్ ఉందిగా, ఈపాటికి దిగిపోయుంటుందిలే అనుకున్నాను. ఆ రెసిస్టెన్సే తెగిపోయి ఉంది. మీటర్ మూరెడు దూరంలో ఉన్నా పెట్టి చూడలేదు. ఎడమ చేత్తో ఛాసిస్ (భాగాలు బిగించే ఇనప చట్రం) అంచు పట్టుకుని, కుడిచేత్తో కండెన్సర్ వైరు లాగాను.

దెబ్బ గుండె మీదుగా పోయింది. చేతులు ఎలా విడిపించుకున్నానో తెలీదు, ఛాసిస్ రేకు అరచెయ్యి కోసేసింది. చిన్నప్పుడు ఈ మచ్చ ఏమిటని అడిగేదానివి, గుర్తుందా? సెలవులకొచ్చిన మీ అమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఉండిపోయింది. నా నోట మాట లేదు. గ్లాసు కింద పడేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. అప్పుడు దానికి పధ్నాలుగేళ్లు. నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు అది ఇప్పటికీ ఎందుకు కసురుతుందో తెలిసిందా?

అందుకే 10 కిలో ఓమ్స్, 10 వాట్ల రెసిస్టెన్స్‌కి బాగా ఇన్సులేషన్ ఉన్న వైర్లూ క్లిప్పులూ కట్టుకో. ఒక కొస ఛాసిస్‌కి, రెండోది కండెన్సర్‌కి తగిలించి కాసేపు ఉంచు. తర్వాత మీటర్‌తో చూడు. ఒక్కో కండెన్సర్‌కీ విడివిడిగా చెయ్యి, బద్ధకించకు. దెబ్బ గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకో. అర్ధరాత్రి ఆఫీసు నుంచొచ్చి, ఫ్లాట్‌లో ఒక్కదానివే ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు. నా మీద ఒట్టు.

ఆదివారం పొద్దున్నే జాలహళ్లి నుంచి బస్సెక్కుతాను. నా క్లిప్పులూ మీటరూ తెస్తాను. అప్పటిదాకా ఆ మూతకున్న ఒక్క స్క్రూ కూడా విప్పకమ్మా.

మీ మావయ్య