ఇంటర్నేషనల్ మ్యాథ్స్ సమ్మర్ స్కూల్‌కి సెలెక్ట్ అయ్యాను, కానీ అక్కడ ఏమీ అర్థం కాదేమోనని భయం. వెళ్లాలా?

మీరు రాసింది ఇదీ: ఎంఎస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నారు, రెండు వారాల సమ్మర్ స్కూల్‌కి ఎంపికయ్యారు, కోర్సు వివరాలు చూస్తే సగం పదాలు కొత్తగా ఉన్నాయి, పోయి అందరి ముందు నోరెళ్లబెట్టడం కంటే వచ్చే ఏడాది చూసుకుందామా అనుకుంటున్నారు. వెళ్లండి. వచ్చే ఏడాదికైనా ఈ భయం తగ్గదు.

నేనూ ఎంఎస్సీలో ఉండగానే ఇలాంటిదానికి వెళ్లాను. టాపిక్ జామెట్రిక్ గ్రూప్ థియరీ, అంటే గ్రూపులను (రెండిటిని కలిపే పద్ధతి, ప్రతిదానికీ ఒక విలోమం ఉన్న సముదాయాలను) ఆకారాల ద్వారా అర్థం చేసుకునే శాఖ. మొదటి రోజు లెక్చర్ మొదలైన ఇరవై నిమిషాలకే ఎక్కడున్నామో తెలియలేదు. ముందు వరసలో ఇద్దరు అడుగుతున్న ప్రశ్నల్లో మాటలు కూడా నేను ఎప్పుడూ విననివి. అయినా బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకుంటూ పదకొండు పేజీలు నింపాను. రాత్రి తీసి చూస్తే మొదటి రెండు పేజీలు దాటి ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్ను పొరపాటున సెలెక్ట్ చేశారేమో అనిపించి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

అప్పట్లో నాకు తెలియని విషయం ఒకటుంది. ఇలాంటి లెక్చర్లు కూర్చున్నచోటే పూర్తిగా అర్థమయ్యేలా తయారు చేసినవి కావు. ఫ్రాన్స్‌లోని సాఁ-ఫ్లూర్‌లో 1971 నుంచి ప్రాబబిలిటీ సమ్మర్ స్కూల్ నడుస్తోంది. అక్కడి లెక్చర్లు స్ప్రింగర్ వాళ్ల సిరీస్‌లో పుస్తకాలుగా వచ్చాయి, వాటిని పరిశోధకులు ఏళ్ల తరబడి తిరగేస్తూనే ఉన్నారు. వాళ్లకే అంత సమయం పట్టేది మనకు గంటలో ఎక్కలేదని కుమిలిపోవడం అనవసరం. లెక్చర్‌లో పట్టుకోవాల్సింది రెండే: ఈ రోజు అసలు ప్రశ్న ఏమిటి, దానికి అన్నిటికంటే చిన్న ఉదాహరణ ఏది. మిగతాది నోట్స్‌లో ఉంటుంది.

నాకు లెక్క మారింది మూడో రోజు సాయంత్రం ప్రాబ్లమ్ సెషన్‌లో. నలుగురైదుగురికి ఒక బోర్డు ఇచ్చారు. ప్రశ్న ఇదీ: రెండు జనరేటర్లున్న ఫ్రీ గ్రూప్‌లో ఇండెక్స్ 2 ఉన్న సబ్‌గ్రూప్‌కి ఎన్ని జనరేటర్లు కావాలి? ఫ్రీ గ్రూప్ అంటే ఎ, బి, వాటి విలోమాలను వేరే నియమమేదీ లేకుండా వరసగా పేర్చిన పదాల గ్రూప్; అన్నిటినీ పుట్టించే ఆ ఎ, బిలే జనరేటర్లు. సబ్‌గ్రూప్ అంటే అందులోని చిన్న గ్రూప్, ఇండెక్స్ 2 అంటే అలాంటి రెండు భాగాలతో మొత్తం గ్రూప్ నిండుతుందని. నేను వెంటనే మూడు అన్నాను. పరీక్షకి చదివిన ఫార్ములా అది. పక్కనున్న అమ్మాయి, వేరే దేశం నుంచి వచ్చింది, "ఎందుకు?" అంది. ఫార్ములా చెప్పాను. "అది సరే, ఎందుకు?" అని మళ్లీ అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

తనే చాక్‌పీస్ తీసుకుని ఒక చుక్క పెట్టి, దాని నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చే రెండు వలయాలు గీసింది. ఒకటి ఎ, ఇంకొకటి బి. ఆ వలయాల మీద తిరిగే దారులే పదాలు, అదే మన ఫ్రీ గ్రూప్. ఇప్పుడు ఎ సరిసంఖ్యలో వచ్చే పదాలన్నీ ఒక సబ్‌గ్రూప్. దానికి బొమ్మ గీయాలంటే చుక్కలు రెండు కావాలి. ఎ గీత మొదటి చుక్క నుంచి రెండోదానికి తీసుకెళుతుంది, ఇంకో ఎ గీత వెనక్కి తెస్తుంది. బి మాత్రం ప్రతి చుక్క దగ్గరా సొంత వలయంగా ఉంటుంది. మొత్తం గీతలు నాలుగు. రెండు చుక్కలను కలపడానికి ఒక గీత సరిపోతుంది, దాన్ని నొక్కేసి రెండు చుక్కలనూ ఒకటి చేస్తే మూడు వలయాలు మిగులుతాయి. ఆ మూడే జనరేటర్లు: ఒకటి ఎ రెండుసార్లు; రెండోది బి; మూడోది ఎ, బి, ఎ విలోమం వరసగా. అంతే.

నేను ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. తలం లాంటి వెక్టర్ స్పేస్‌లో, దాని లోపలి గీత లాంటి సబ్‌స్పేస్ డైమెన్షన్ (ఎన్ని దిశలు కావాలో ఆ సంఖ్య) ఎప్పుడూ మొత్తందాన్ని మించదు. ఇక్కడ మొత్తం గ్రూప్‌కి రెండు చాలు, అందులోని సబ్‌గ్రూప్‌కి మూడు కావాలి! ఆ రాత్రి గదిలో కూర్చుని ఇండెక్స్ 3కి, 4కి నేనే బొమ్మలు గీసుకున్నాను. ఇండెక్స్ ఎంతో చుక్కలు అన్ని, గీతలు దానికి రెట్టింపు, కలపడానికి పోయేవి చుక్కలకంటే ఒకటి తక్కువ. కాబట్టి ఇండెక్స్ కంటే జనరేటర్లు ఎప్పుడూ ఒకటి ఎక్కువ. ఫ్రీ గ్రూప్‌లో ప్రతి సబ్‌గ్రూప్ ఫ్రీయే అన్న సిద్ధాంతాన్ని ఫైనైట్లీ జనరేటెడ్ (పరిమిత సంఖ్యలో జనరేటర్లు చాలే) సబ్‌గ్రూపులకు 1921లో నీల్సన్, అన్నిటికీ 1927లో ష్రయర్ అనే గణిత శాస్త్రవేత్తలు నిరూపించారని అంతకుముందే చదివాను. చదివానే గానీ, బొమ్మ గీశాకే అది నాదైంది.

మర్నాటి నుంచి నోట్‌బుక్‌లో ఎడమ పేజీలోనే రాసి, కుడి పేజీ సాయంత్రం గీసుకునే ఉదాహరణల కోసం వదిలేశాను. మీరూ మొదటి రోజు నుంచే అలా చేయండి.

ప్రిపరేషన్ గురించి అడిగారు. ఒక పెద్ద పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టుకోకండి, సగంలో ఆగిపోయి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. వాళ్లు పంపిన ప్రీరిక్విజిట్స్ (ముందే తెలిసి ఉండాల్సినవి) జాబితాలో ప్రతి డెఫినిషన్‌కి చూడకుండా చెప్పగలిగే ఒక ఉదాహరణ, అది వర్తించని ఒక ఉదాహరణ రాసుకోండి. నెలరోజులు దీనికే పెట్టినా వృథా కాదు. వేరే దేశమైతే వీసాకి ఆహ్వాన పత్రం ముందే అడగండి, ఆలస్యం చేస్తే ఆ హడావుడిలో చదువు సాగదు.

క్లాసులో అడగడానికి మొహమాటం వద్దు. నాలుగో రోజు ధైర్యం చేసి "ఆ బాణం ఎటువైపు?" అని అడిగాను. ప్రొఫెసర్ బోర్డు వైపు కాసేపు చూసి, చెరిపేసి తిప్పి గీశారు. తిరగబడిన బాణం వల్లే అంతవరకూ నాకు ఆ వాదన అంతుపట్టలేదు.

మీ స్నేహితుడు ఎక్కడ అప్లై చేయాలని కూడా అడిగారు కదా. ఇటలీలో ట్రియెస్టేలోని ఐసీటీపీ అనే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం (1964లో భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం స్థాపించారు), అభివృద్ధి చెందుతున్న దేశాల్లో స్కూళ్లు పెట్టే సింపా, ఇటలీలోనే 1954 నుంచి గణిత సమ్మర్ కోర్సులు పెడుతున్న చిమే, అమెరికాలోని పార్క్ సిటీలో జరిగే సమ్మర్ ప్రోగ్రామ్ చూడమనండి. పార్క్ సిటీలో మూడు వారాలు డిగ్రీ విద్యార్థులు, పీహెచ్‌డీ వాళ్లు, పరిశోధకులు ఒకేచోట ఉంటారు. చిమే, సాఁ-ఫ్లూర్ లాంటివి కాస్త ముందుకెళ్లాక బాగుంటాయి.

మీ కోర్సు టాపిక్ ఏమిటో రాయలేదు. గ్రూపులు, టోపాలజీకి దగ్గరగా ఉంటే చెప్పండి, వెళ్లేముందు చేతితో గీసి చూడాల్సిన ఉదాహరణలు కొన్ని రాస్తాను.