కత్తెర పట్టే ముందు ఫోన్ చెయ్యి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు మేడ మీద వెల్లుల్లి పండిస్తుందట" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. విజయనగరంలో మీ అద్దింటి పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదని పాలు పొంగించిన రోజే చూశాను. అందుకని ముందు ఆ సంగతి. మంచు పడ్డ తెల్లవారుజామున రబ్బరు చెప్పులేసుకుని మేడ ఎక్కకు. తొట్లు గోడ వారకి పెట్టకు. ఒక్కో తొట్టి కింద రెండు ఇటుకలు ఉంచు, లేకపోతే శ్లాబు చెమ్మ పట్టి ఇంటాయనతో మాట పడతావు.

సంతోషం కూడా వేసిందిలే, దాచడమెందుకు. మన ఇంట్లో మట్టి ముట్టుకునేవాళ్ళు నాతోనే ఆఖరనుకున్నాను.

నీ స్నేహితురాలు సిమ్లా నుంచి తెచ్చిన పాయలు మాత్రం నాటకు. ఆ కొండ రకాలు గడ్డ కట్టాలంటే పగటి పొద్దు బాగా పెరగాలి. మనకి మాఘమాసంలో పగలు పన్నెండు గంటలు కూడా ఉండదు. ఆకు ఏపుగా వస్తుంది, పీకి చూస్తే కింద ఏమీ ఉండదు. వాటిని పప్పులో తాలింపు వేసుకో. పుణె దగ్గర రాజ్‌గురునగర్ పరిశోధన కేంద్రం వాళ్ళ భీమా పర్పుల్ రకం దొరికితే సరే. దొరక్కపోతే బజారులోనే గట్టి పాయలు ఏరుకుని, బయటి వరస పెద్ద రెబ్బలు విడదీసి, పొర తియ్యకుండా నాటు.

నాగులచవితి వెళ్ళేదాకా ఆగు. 2018లో నేను దసరాకి ముందే తొందరపడ్డాను. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మడిలో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. మూడో రోజు మట్టి తవ్వి రెబ్బ పట్టుకుంటే వేళ్ళ మధ్య జారిపోయింది. చేతికి అంటిన ఆ కుళ్ళు వాసన స్నానం చేసినా వదల్లేదు. అలాగని సంక్రాంతి దాకా కూర్చోకు, చలి చాలక రెబ్బలు విడిపోని ఒంటి గడ్డలొస్తాయి.

మొన పైకి, అంగుళంన్నర లోతు, నాలుగంగుళాల ఎడం. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల గెత్తం. ఎండ. అంతే.

ఇక కాడ. మన వైపు రకాలకి పువ్వు కాడ రావడం తక్కువే, చలి గట్టిగా తగిలిన ఏడు కొన్నిటికి వస్తుంది. ఆకు బల్లపరుపుగా ఉంటుంది కదా, కాడ గుండ్రంగా, గట్టిగా, మొక్క నడిమి నుంచి లేస్తుంది. చివర కొంగముక్కులాంటి మొగ్గ.

1993 కార్తీకంలో మీ అమ్మకి అయిదో నెల. నాకు ఇరవై మూడేళ్ళు, కొత్తగా డిగ్రీ పాసయ్యానన్న పొగరు. "బాలింతకి ఒక్క పాయ కూడా బయట కొననివ్వను" అని మీ అమ్మమ్మ దగ్గర ప్రగల్భాలు పలికి, పెరట్లో రెండు సెంట్లు వేశాను. సంక్రాంతి దాటాక ఓ డజను మొక్కలకి కాడలొచ్చాయి. చూడ్డానికి వీధిలోవాళ్ళు కూడా వచ్చారు. నాలుగు రోజులకి కాడలు వంకర తిరిగాయి. వాడిపోతున్నాయనుకుని వెదురు పుల్లలు గుచ్చి, అరటి నారతో ఒక్కోదాన్నీ నిటారుగా కట్టాను. మీ అమ్మమ్మ వచ్చి నిలబడి, "ఏట్రా, ఎల్లుల్లికి పందిరేస్తన్నావా? కోసీ, కూరొండుకుందాం" అంది. నేను వినలేదు. పువ్వు పూస్తే విత్తనం వస్తుంది, వచ్చే ఏడు కొనక్కర్లేదని ఆవిడకే పాఠం చెప్పాను.

వెల్లుల్లి మనకి విత్తనం ఇవ్వదమ్మడూ. మొగ్గ విచ్చుకుంటే లోపల బియ్యపు గింజలంత బుల్లి బుల్లి పాయలు, మధ్యలో నాలుగు వడిలిన పువ్వులు. అయినా బుద్ధి రాలేదు. పైరు మంచి బలం మీద ఉందనుకుని మాఘంలో యూరియా చల్లాను, రోజూ నీళ్ళు పెట్టాను. ఆకు నల్లగా నిగనిగలాడింది. ఎండిపోవాల్సిన రోజుల్లో పక్క నుంచి కొత్త పిలకలు వేసింది.

మార్చిలో నువ్వు పుట్టావు. పురుడు వెళ్ళిన మర్నాడు మడి పీకాను. ఉసిరికాయంత గడ్డలు, అందులో సగం పగిలిపోయినవి. మీ అమ్మమ్మ గోళ్ళతో ఒలుస్తూ కూర్చుంది, పది గడ్డలకి చారెడు రాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులు చేతిలో పెట్టి, "టెక్కలెళ్ళి రెండు కేజీలట్టుకురా, దొడ్డిదారిన రా" అంది. తెచ్చినవి నా బుట్టలోనే కలిపేసి, నేతిలో వేయించి మీ అమ్మకి మొదటి ముద్దలో పెట్టింది. "మీ తమ్ముడు పండించినవే, తిను" అంది. నీకు పాలు పట్టింది మావయ్య వెల్లుల్లేనని మీ అమ్మ ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం దానికి చూపించకు.

నిజానికి తప్పంతా కాడలది కాదు. కాడ ఉంచిన డజను మొక్కల బలం పువ్వుకి పోయింది, సరే. మిగతా మడిని పాడు చేసింది యూరియా, నీళ్ళు. కానీ ఆ కాడలు చూసుకుని మురిసిపోకపోతే ఆ సంచి విప్పేవాణ్ణి కాదు.

నువ్వు ఏం చెయ్యాలంటే, కాడ ఒక చుట్టు తిరిగి, మొగ్గ ఇంకా మూసుకుని ఉండగానే, పొడి వాతావరణం చూసి పై ఆకుకి కాస్త ఎగువన కత్తెరతో కత్తిరించు. చేత్తో పట్టి లాగితే నడిమి మువ్వ కూడా ఊడొస్తుంది. ఆకులు తెంపకు, గడ్డకి తిండి పెట్టేది అవే. కోసిన కాడలు పారెయ్యకు. మీ అత్తగారిది ఇచ్ఛాపురం కదా, ఒడిశా వాళ్ళు ఉల్లికాడలు ఎలా వండుతారో ఆవిడకి తెలిసే ఉంటుంది, అలాగే ఎండురొయ్యలేసి వండమను. లేతగా ఉంటేనే బాగుంటుంది, ముదిరితే పీచు.

భీమా పర్పుల్ అయితే నాలుగు నెలలు, నాలుగున్నర పడుతుంది. కింది ఆకులు పచ్చబడడం మొదలవగానే నీళ్ళు ఆపెయ్యి. సగం ఆకులు ఎండాక ఒకటి పీకి చూడు. రెబ్బలు విడివిడిగా చేతికి తగిలితే మిగతావీ తీసి, ఆకులతోనే జడలల్లి నీడలో వేలాడదీయి. యూరియా మాట ఎవరెత్తినా వినకు, మీ ఆయనైనా సరే.

కాడ వంకర తిరిగిన రోజు ఫొటో పెట్టి ఫోన్ చెయ్యి. కత్తెర పట్టే ముందే.

మీ మావయ్య