ప్లగ్గు స్టీరింగుకి కట్టు

విజయనగరం,
గురువారం రాత్రి

చిరంజీవి బుజ్జికి,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మీవాడు ఆదివారం బండి కిందకి దూరి గేరుబాక్సు ఆయిలు తనే మారుస్తాడట, నువ్వయినా చెప్పు" అంది. చెప్పమంటే మానిపించమని వదిన ఉద్దేశం. నాకు ముందు గుండె జారింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. మన ఇంట్లో నా తర్వాత పానా పట్టినవాడు లేడు. మావాడు బెంగళూరులో టైరులో గాలి తగ్గినా ఎవరికో ఫోన్ చేస్తాడు. నువ్వేమో ఏకంగా ఆటోమేటిక్ గేరుబాక్సు మీదకే వెళ్తున్నావు. ఫోన్లో చెబితే "సరే చిన్నాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి ఫొటో పంపుతున్నాను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. మాన్యువల్‌లో ఏ ఆయిలు రాసి ఉంటే అదే కొను, ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు. వాషర్లు కొత్తవి వెయ్యి. ఆయిలు పోసే, దింపే కన్నాలకి ఉండే మూతలే ప్లగ్గులు, వాటి చుట్టూ మట్టి బ్రష్షుతో దులుపు. బండిని పావుగంట తిప్పి, కాస్త ఆరనిచ్చి, వెచ్చగా ఉన్నప్పుడు విప్పు. కాగుతుండగా విప్పితే మోచేతి దాకా కాలుతుంది. ఆయిలు పోసే ప్లగ్గు ముందు విప్పాలి. అది కదలకపోతే కింద ప్లగ్గు జోలికే వెళ్ళకు.

జాకీ మాత్రం ఎక్కించకు. నీ థార్‌కి కింద 226 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. చాప వేసుకుని దూరితే చాలు. పొట్ట అడ్డొస్తే ఆ తప్పు బండిది కాదు, రాత్రి పన్నెండింటికి తినే బిర్యానీలది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1983లో నేను సాలూరు షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. అప్పట్లో సాలూరు మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఊరంతా లారీలే. మధ్యలో ఎప్పుడైనా ఓ జీపు వస్తే నాలాంటి గుంటలకి అప్పగించేవారు. ఆ రోజు వచ్చిన జీపుకి గేరు ఆయిలు మార్చాలి. పాత ఆయిలు దింపేశాను. పళ్ళెంలోకి చుక్కలు రావడం ఆగింది. కొత్త ఆయిలు డబ్బా తేవడానికి మేస్త్రి బజారుకి వెళ్ళాడు. నాకేమో ఆకలి. దుమ్ము పోతుందని కింద ప్లగ్గు శుభ్రంగా తుడిచి బిగించేశాను. పళ్ళెం పక్కకి జరిపి, పానాలు సంచిలో సర్ది, అన్నానికి వెళ్ళాను. చూడు, ఎంత పద్ధతైనవాణ్ణో!

తిరిగొచ్చేసరికి జీపు లేదు.

డ్రైవరు వచ్చాడు. కింద చూస్తే ప్లగ్గు ఉంది, పళ్ళెం లేదు, సామాను సర్దేసి ఉంది. పని అయిపోయిందనుకుని తోలుకుపోయాడు. అతని తప్పేముంది? నేను రోడ్డు మీదకి పరిగెత్తాను. ఎటు పరిగెత్తాలో కూడా తెలియదు. సాయంత్రం కోరాపుట్ నుంచి దిగిన లారీ క్లీనరు చెప్పాడు, పి. కోనవలస ఘాట్‌లో ఓ జీపు అడ్డంగా ఆగిపోయిందని, అందులో తొమ్మిది మంది జనం ఉన్నారని. చుక్క ఆయిలు లేకుండా ఆ జనంతో ఘాట్ ఎక్కుతుంటే గేరుబాక్సు అరిచి అరిచి పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయి, బండి కొండవైపు గోడకి ఆనుకుంది. లోయ వైపైతే ఈ ఉత్తరం రాసే మనిషి ఇలా ఉండేవాడు కాదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో, అయినా ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు. మేస్త్రి కొడతాడనుకున్నాను, కొట్టలేదు. గేరుబాక్సు ఖర్చు నా జీతంలో పట్టాడు, దాదాపు ఏడాది పట్టింది. మర్నాడు పొద్దున్న నా చేతిలో ఓ ఇనప తీగ ముక్క పెట్టి, "విప్పిన ప్లగ్గు స్టీరింగుకి కట్టాలి. ప్లగ్గు పైన ఉందంటే బండిలో ఆయిలు లేనట్టే" అన్నాడు. షెడ్డు మూసేదాకా నేనూ అదే చేశాను, నా కుర్రాళ్ళ చేతా అదే చేయించాను.

కాబట్టి ఆయిలు దిగుతున్నంతసేపూ తాళం నీ జేబులో ఉండాలి, ప్లగ్గు స్టీరింగుకి వేలాడాలి. మీ నాన్న సంగతి నీకు తెలుసు కదా, గేటుకి అడ్డంగా బండి కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఆటోమేటిక్‌లో ఆయిలు లేకుండా ఇంజను తిప్పితే లోపలి పంపు ఎండి అరిగిపోతుంది. నీ బండి గేరుబాక్సు ఖరీదుకి మా రోజుల్లో కొత్త జీపే వచ్చేది. అది పోతే పోనీ, కింద నువ్వు ఉన్నప్పుడు ఆయన బండి కదిపితే? ఇది రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది.

తిడుతున్నాననుకోకు. నీకు ఆరేళ్ళప్పుడు వేసవి సెలవులకి వచ్చి షెడ్డులో నా పక్కనే కూర్చునేవాడివి. పది నంబరు పానా అడిగితే పన్నెండు ఇచ్చేవాడివి, పన్నెండు అడిగితే పది. నేను అటుది ఇటు, ఇటుది అటు అడగడం నేర్చుకున్నాను, నీకు చెప్పలేదు.

దిగిన ఆయిలు పారబొయ్యకు, కొలత సీసాలో కొలువు. ఎంత దిగిందో అంతే పొయ్యాలి. మొత్తం దిగదు, చాలా భాగం ఇంజను బలాన్ని గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టరులోనే ఉండిపోతుంది. అందుకని కొన్నాళ్ళు నడిపి మళ్ళీ ఓసారి మారిస్తే మంచిది. రంగు చూడు, వాసన చూడు. గోధుమ రంగు వచ్చిందంటే ముసలిదైపోయిందని. మాడు వాసన వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఇనప పొడిని పట్టుకునే అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారు పడకు, అది అరుగుదల. ఇనప పలుకులు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపు.

గులాబీ పాలలా కనిపించిందా, లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే. మొన్న నాగావళి ఇసకలో దింపి నీళ్ళు చిమ్ముతూ ఫొటోలు పెట్టావు కదా, నాకు నీ మొహం కన్నా ముందు చక్రం ఎంత మునిగిందో కనిపించింది. వేడిగా ఉన్న గేరుబాక్సు చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి లాక్కుంటుంది. ఊపిరి గొట్టం మునిగి ఉంటే అది లాక్కునేది నీళ్ళే. ఆ గొట్టం చివర ఎక్కడుందో చూసుకుని, వీలైతే ఇంకా పైకి తీసుకెళ్ళు.

ఇక చివరి పని. ఆయిలు పోశాక ఇంజను ఆన్ చేసి, బ్రేకు మీద కాలు గట్టిగా నొక్కి పెట్టి, లివరు అన్ని గేర్లలోకీ నెమ్మదిగా తిప్పి, మళ్ళీ పార్కులో పెట్టాలి. ఆ తర్వాత ఇంజను నడుస్తుండగానే, మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర లెవెలు చూడాలి. తక్కువైతే గేర్లు జారతాయి, ఎక్కువైతే ఆయిలు నురగ కడుతుంది. నడుస్తున్న బండి కిందకి వెళ్ళే పని ఇదొక్కటే. ఇది నేను లేకుండా చెయ్యకు. చక్రాలకి రాళ్ళు నేనే పెడతాను, డ్రైవరు సీటు తలుపు దగ్గర నేనే నిలబడతాను. మీ నాన్నని ఆ తలుపు దగ్గరికి రానివ్వను.

ఆదివారం పొద్దున్న రైలుకి ఆమదాలవలసలో దిగుతాను, బండి తీసుకుని రాకు, ఆటోలో వస్తాను. పాత ఆయిలు కాలవలో పొయ్యకు, డబ్బాలో పోసి ఉంచితే దగ్గర్లో లారీ షెడ్డువాళ్ళకి ఇచ్చేద్దాం. ఆయిలు ఎక్కించే చేతి పంపు నా దగ్గర ఉంది, తెస్తాను. ప్లగ్గు కట్టడానికి తీగ నువ్వు చూసి ఉంచు.

మీ
చిన్నాన్న