బాత్రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందు చూడు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

అమలాపురంలో మీ ఇల్లు బేస్‌మెంటు పూర్తయిందనీ, గుమ్మాలకి కర్ర చూస్తున్నారనీ మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. నీ సంపాదనతో నువ్వు కట్టుకుంటున్న ఇల్లు. మన ఇంట్లో నీకు ముందు ఏ ఆడపిల్లా చెయ్యని పని. ఆ మాట చెప్పేటప్పుడు మీ అమ్మ గొంతు వింటే నాకూ కళ్లు చెమర్చాయి. అష్టలక్ష్ములు చెక్కిన సింహద్వారం ఫోటో పంపింది, చూసి మురిసిపోయాను. వెనకే ఇంటి ప్లాను పంపింది. అది చూశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ముందు మిగతావి తేల్చేస్తాను.

సింహద్వారం ఏడడుగులు, మూడున్నర అడుగులు పెట్టుకున్నారు, సరిపోతుంది. టేకే పెట్టు. బల్లార్షా టేకని డిపోవాడు చెప్పిన మాట మీద పోకు, కర్ర కొనకోత చూడు. చేవ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, దాని చుట్టూ ఉన్న తెల్ల చెక్కకి తొందరగా పురుగు పడుతుంది. తోటల్లో పెంచి తొందరగా కొట్టేసిన చెట్లలో ఆ తెల్ల చెక్కే ఎక్కువ. రంగు పాలిషు పూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే తలుపు పాలిషు లేకుండానే ఇంటికి రావాలని గట్టిగా చెప్పు. పాలిషు పట్టించే ఖర్చు విడిగా ఇచ్చినా ఫరవాలేదు.

బందులు మూడు కాదు, నాలుగు పెట్టించు. అయిదంగుళాలవి, 304 గ్రేడు స్టీలువి. బిగించేటప్పుడు పక్కన నిలబడు. కుర్రాళ్లు మరని సుత్తితో లోపలిదాకా దిగ్గొట్టి, చివర రెండు చుట్లు మాత్రం స్క్రూడ్రైవర్ తిప్పుతారు. అలా కొడితే కర్రలో పీచు చితికిపోతుంది. చెక్కుడు పనితో బరువెక్కిన తలుపు ఏడాది తిరక్కుండానే కిందకి వాలి గడపని రాస్తుంది. ముందు సన్నగా రంధ్రం వేసి, మరని మొదటినుంచీ తిప్పే బిగించమను. విసుక్కుంటే విసుక్కోనీ.

లోపలివైపు పైనొక గడియ, కిందొక గడియ ఉండాలి. మధ్యలో ఉన్న తాళం ఒక్కటే చాలదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. గాలి కొట్టినప్పుడల్లా మధ్య గడియ పట్టుకునే ఉంది గానీ, తలుపు పైమూల లోపలికి వంగి, ఆ సందులోంచి వాన గదిలోకి కొట్టింది. మీ తాతయ్యా నేనూ బల్ల అడ్డంపెట్టి దానికి వీపులు ఆనించి కూర్చున్నాం. మీ ఇల్లూ కోనసీమలోనే కదమ్మా.

పడగ్గదులకి టేకు అక్కర్లేదు, చెక్కుడు లేని నున్నటి ఫ్లష్ తలుపులు చాలు. వాటి నాణ్యతకి పెట్టిన ప్రమాణం ఐఎస్ 2202, ఆ ముద్ర ఉందో లేదో చూడు. వేలితో కొట్టు, డొల్ల మోత వస్తే తిప్పి పంపెయ్. గోడలో కూర్చునే చౌకట్టు వెనక భాగం ఎవరికీ కనబడదని రంగెయ్యరు. తడీ చెదా వచ్చేది అటునుంచే. గోడలో పెట్టక ముందే ప్రైమర్ వేయించు.

ఇక ఆ ప్లాను సంగతి. బాత్రూమ్ తలుపులన్నీ రెండున్నర అడుగులు, అన్నీ లోపలికి తెరుచుకునేలా గీశారు. మీ అత్తగారు వాడే బాత్రూమ్‌ది కూడా. ఆ గీత చూడగానే నాకు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మ జారిపడిందని నీకు తెలుసు. ఆ రోజు ఏం జరిగిందో నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. అన్నయ్య ఇల్లు కట్టించిన మేస్త్రి బాత్రూమ్ తలుపు లోపలికి పెట్టాడు. బయటికి పెడితే తలుపు మీది నీళ్లు వసారాలో కారతాయనీ, నడిచే దారికి అడ్డమనీ చెప్పాడు. అందరూ చెప్పేదే, అన్నయ్యా ఒప్పుకున్నాడు. ఆ ఉదయం అమ్మ స్నానానికి వెళ్లి గడియ పెట్టుకుంది. పడిన చప్పుడు వినిపించింది. పిలిస్తే మూలిగింది. నేను బయటినుంచి ఉలి దూర్చి గడియ విరగ్గొట్టాను, అది ఎంతోసేపు పట్టలేదు. కానీ తలుపు నాలుగు వేళ్ల మందం తెరుచుకుని ఆగిపోయింది. అమ్మ తలుపుకి అడ్డంగానే పడి ఉంది. తోస్తే ఆ తలుపు వెళ్లి విరిగిన తుంటికే తగులుతోంది. తోసిన ప్రతిసారీ అమ్మ కేక. బందులు ఊడదీద్దామంటే, లోపలికి తెరుచుకునే తలుపుకి బందుల మేకులు లోపలే ఉంటాయి, బయటివాడికి అందవు. ఆ సందులోంచి అమ్మ చెయ్యి కనిపిస్తోంది. గాజులున్న చెయ్యి నేలమీద అలా పడి ఉంది. జీవితమంతా తలుపులు చేసినవాణ్ని, మా అమ్మకీ నాకూ మధ్య ఉన్న తలుపుని ఏమీ చెయ్యలేక నిలబడ్డాను. చివరికి పై పలక రంపంతో కోసి, పక్కింటి కుర్రాణ్ని అందులోంచి లోపలికి దింపాం. వాడు అమ్మని మెల్లగా పక్కకి జరిపాకే తలుపు కదిలింది.

అమ్మ బతికింది. ఆపరేషన్ అయ్యాక వాకర్‌తో నడిచింది. అప్పుడు రెండో కష్టం మొదలైంది. చౌకట్టు బయటి కొలత రెండున్నర అడుగులంటే, రెండు నిలువు కర్రల మందం పోగా మిగిలేది రెండడుగుల పైచిలుకు. వాకర్ పక్కకి తిప్పితేనే దూరేది. దానికి తోడు అంగుళమున్నర గడప. ఆ గడప దగ్గర అమ్మ ప్రతిసారీ ఆగి, ఎవరైనా వస్తారేమోనని చూసేది. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి.

అందుకని ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి తల్లీ. అష్టలక్ష్ముల తలుపు వద్దనడం లేదు. దానికి నువ్వు తిరిగిన తిరుగుడులో సగం బాత్రూమ్ తలుపుకి తిరుగు. మీ అత్తగారి బాత్రూమ్‌కి చౌకట్టు మూడున్నర అడుగులు పెట్టించు. చక్రాల కుర్చీ పట్టాలంటే 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని మన దేశపు మార్గదర్శకాల్లోనే ఉంది, మూడున్నర పెడితేనే అంత మిగులుతుంది. మిగతా బాత్రూమ్‌లకి మూడడుగులకి తగ్గొద్దు. తలుపు బయటికే తెరుచుకోవాలి, తెరిచినప్పుడు గోడకి ఆనుకునే వైపు బందులు పెడితే దారికి అడ్డం రాదు. నీళ్లు బయటికి రాకుండా నేల వాలు లోపలికి సరిగ్గా తీయిస్తే చాలు, గడప అవసరం లేదు. ఇంట్లో గడప సింహద్వారానికే ఉండాలి. తడికి కర్ర ఆగదు, కాబట్టి అక్కడ గ్రానైట్ చౌకట్టు, కర్రపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ తలుపు పెట్టించు.

బాత్రూమ్‌లకి లోపలి గడియ వద్దు. బయటినుంచి రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే తెరుచుకునే తాళాలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అవే కొను. మీ బాబుకి మూడేళ్లు. గదిలో దూరి తలుపేసుకోవడం సరదాగా ఉండే వయసు. పడగ్గదుల తాళంచెవులన్నీ ఒక గుత్తిగా చేసి, వాడికి అందకుండా, పెద్దవాళ్లందరికీ తెలిసిన చోట తగిలించు.

కోప్పడుతున్నానని అనుకోకు. నిన్ను ఎత్తుకు తిరిగిన మామయ్యని, ఆ మాత్రం కోప్పడే హక్కు నాకుంది. ఇంజనీరు ప్లాను మళ్లీ గీయాలని విసుక్కుంటే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతాను. వడ్రంగి బాత్రూమ్ చౌకట్లకి కర్ర కొయ్యకముందే ఈ మార్పులు తెలియాలి, కోశాకైతే కర్రంతా వృథా. ఈ ఉత్తరం చదవగానే అతనికి చెప్పెయ్. గుమ్మం ఎత్తే ముహూర్తానికి ముందు రోజే నేను బయల్దేరి వస్తాను. నవధాన్యాలు, మామిడాకులు మీ అమ్మ చూసుకుంటుంది, తూకంగుండు నేను తెస్తాను.

మీ ఆయనకీ, అత్తగారికీ నా నమస్కారాలు. బాబుకి ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య