మూడుసార్లు మునిగిన మా నాయనమ్మకి నాలుగోది కావాలన్నారు

"పదహారేళ్ళప్పుడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు పెళ్ళి కుదిరిన వాళ్ళ సంఘంలో అది చెల్లదంటున్నారు, యేసు నామంలో మళ్ళీ తీసుకోవాలట. తీసుకోనా?" అని అడిగావు. నన్నడిగితే అక్కర్లేదు చెల్లెమ్మా. ఎందుకో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది గుంటూరు జిల్లాలో డెల్టా ఊరు. నాయనమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడే ఊళ్ళో పాత చర్చిలో నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. మా నాన్న నడివయసులో ఇంకో సంఘానికి మారాడు. అక్కడ చిలకరింపు లెక్కలోకి రాదు, ముంచాల్సిందే. 1998 డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు ఆదివారం, నన్నూ నాయనమ్మనీ ఒకేసారి కొమ్మమూరు కాలువకి తీసుకెళ్ళారు. నాకు పదిహేడు, ఆవిడకి డెబ్బై.

పొద్దున ఆరున్నర. పాస్టరుగారు మూడు రాత్రులు ఉపవాస కూడికల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉన్నారు. నా పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నాయనమ్మ తెల్లచీర కొంగు నడుముకి బిగించి దిగింది. ఒక చేత్తో ముక్కు మూసుకుంది, ఇంకో చేత్తో పాస్టరుగారి చొక్కా పట్టుకుంది. ముంచారు, లేపారు. అందరం స్తోత్రం అనబోతుంటే గట్టు మీద నుంచి సంఘపెద్ద "మోచెయ్యి మునగలేదయ్యగారూ!" అని కేకేశాడు.

ముక్కు పట్టుకున్న చెయ్యి కదా, మోచెయ్యి పైకి పొడుచుకొచ్చింది. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో బాప్తిస్మం వలన క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డామని ఉంది. శవాన్ని మోచెయ్యి బయట పెట్టి పాతిపెడతామా అని ఆయన వాదన. సరే, రెండోసారి. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు" దాకా వచ్చేసరికి పాస్టరుగారికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గులోనే ముంచేశారు. మళ్ళీ పంచాయితీ. పరిశుద్ధాత్మ అన్నారని పాస్టరమ్మగారు, నాకు వినపడలేదని సంఘపెద్ద. నడుముల్లోతు నీళ్ళలో పళ్ళు టకటకలాడుతూ నిలబడి మా నాయనమ్మ, "దేవుడికి వినపడిందేమో అడగండయ్యా, ఈయనకి వినపడకపోతే నేనేం చెయ్యను!" అంది. ఎవరూ నవ్వలేదు. మూడోసారి ముంచారు. ఇంటికొచ్చాక వారం రోజులు జ్వరం.

ఇంకో ఐదారేళ్ళకి మా వీధిలోకి యేసు నామం సంఘం వాళ్ళు వచ్చారు. ఒక కుర్ర సేవకుడు మంచం పక్కన కూర్చుని, "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి బిరుదులమ్మా, పేరు కాదు. పేరు యేసు. మీరు పొందింది చెల్లదు" అన్నాడు. నీకు చెప్పిందీ ఇదే అయ్యుంటుంది. అతని దగ్గర వచనం లేకపోలేదు. అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు "యేసుక్రీస్తు నామమున బాప్తిస్మము పొందుడి" అన్నాడు. ఆ పుస్తకంలో మిగతా చోట్లా అలాగే ఉంది, కాదనను. కానీ మత్తయి 28:19లో "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అని చెప్పింది స్వయంగా ప్రభువే. ఆయన చెప్పిన మాటలు ఆయన పేరుకే సరిపోవని ఎలా అంటారు?

నా లెక్క వేరు. "నామములోనికి" అనే మాట చూడు. పొలం ఒకరి పేరు మీదికి మారినట్టు, ఈ మనిషి ఇకనుంచి ఆయన సొత్తు అని. దస్తావేజులో వెంకటేశ్వరరావు అనా, వెంకటేశ్వర్లు అనా అని గొడవపడటానికి దేవుడేమన్నా సబ్‌రిజిస్ట్రారా? పౌలునే తీసుకో. కొరింథీయులకి రాస్తూ క్రిస్పుకీ గాయియుకీ తప్ప ఎవరికీ ఇవ్వలేదంటాడు, వెంటనే స్తెఫను ఇంటివాళ్ళు గుర్తొస్తారు, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదంటాడు. ఎవరికిచ్చాడో గుర్తులేని మనిషి, ఏ అక్షరం పలికాడో చిట్టా రాసుకున్నాడంటావా?

యేసు నామం వాళ్ళు తమ పద్ధతి పేతురు కాలం నుంచి ఆగకుండా వచ్చిందంటారు గానీ, ఇప్పటి ఈ బోధ ఊపందుకున్నది అమెరికాలో, 1913లో లాస్ ఏంజెలిస్ దగ్గర జరిగిన పెంతెకోస్తు కూడికల తర్వాత. 1916కల్లా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకోస్తు సంఘం దీని మీదే చీలింది. మన వైపు చూడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషను వాళ్ళు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. గొప్ప కరువు దాటి బతికినవాళ్ళు వాళ్ళు. వాళ్ళదీ నీలాగే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే. నీది చెల్లకపోతే వాళ్ళదీ చెల్లదు. ఆ కుర్రవాణ్ణి ఈ మాట అడిగితే "అవును, చెల్లదు" అన్నాడు. ధైర్యానికి మెచ్చుకోవాలి.

మాటల పట్టింపు వీళ్ళకే కాదులే. జ్ఞానస్నానం అనే కతోలికులకి ఇంకా ఎక్కువ. "నేను నీకు" అనాల్సిన చోట "మేము" అంటే చెల్లదని 2020లో వాటికన్ చెప్పింది. ఆ దెబ్బకి అమెరికాలో డెట్రాయిట్ వైపు ఒక ఫాదర్ తన చిన్నప్పటి వీడియో చూసుకుంటే అందులో "మేము" అనే ఉంది. జ్ఞానస్నానమే కాకపోతే ఫాదర్ అవడమూ కానట్టే కదా, పాపం అన్నీ మొదటి నుంచి మళ్ళీ తీసుకున్నాడు. ఇంగ్లీషులో ఒక్కటే "మేము". మనకైతే మేమూ ఉంది, మనమూ ఉంది. ఆ తీర్పు మన దగ్గర పుట్టుంటే ఇంకెన్ని సంఘాలు చీలేవో.

ఇన్ని పట్టింపులున్నవాళ్ళు పెళ్ళికి ముందు బాప్తిస్మాల దగ్గర మాత్రం నోరెత్తరు. బుధవారం ముంచడం, శుక్రవారం పెళ్ళి. మారుమనస్సు ఎప్పుడు పొందారని అడిగే నాథుడు లేడు, డ్రోన్ కెమెరా మాత్రం ఉంటుంది. నిన్ను మళ్ళీ తీసుకోమంటున్నది నీ రక్షణ కోసమా, మా సంఘం పుస్తకంలో పేరెక్కాలనా? అబ్బాయిని పక్కకి పిలిచి ఈ ఒక్కటీ అడుగు. జవాబు కన్నా ముందు మొహం చూడు.

నాయనమ్మ మాత్రం నాలుగోది తీసుకోలేదు. ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చి, "కాలువలో నీళ్ళు తగ్గాక చూద్దాం నాయనా" అని పంపేసింది.

2009లో పోయింది. నాన్న సంఘానికి సమాధుల తోట లేదు. పాత చర్చి తోటలో చోటడిగితే, మమ్మల్ని వదిలి వెళ్ళినావిడ కదా అన్నారు పెద్దలు. శవం ఇంట్లో, మేం చర్చి అరుగు మీద. చివరికి అక్కడి గుమస్తా బీరువాలోంచి చెదలు కొట్టిన పాత రిజిస్టరు తీసి పేజీలు తిప్పాడు. నల్ల సిరాలో నాయనమ్మ పేరు, వాళ్ళ నాన్న పేరు, తేదీ, కింద సంతకం. ఏ మాటలు పలికి నీళ్ళు చల్లారో అందులో లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తాళంచెవి ఇచ్చారు.

నీ బాప్తిస్మం సర్టిఫికెట్ ఉంటే లామినేషన్ చేయించి దాచుకో.