అణు విద్యుత్తులో పెట్టుబడి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈ రొయ్యల పంటలో ఖర్చులు పోను నాలుగు లక్షలు మిగిలాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తుందంటున్నారు. ఇప్పుడే దాని షేర్లు కొంటే చవగ్గా పడతాయా? – ఒక ఆక్వా రైతు, ఉండి

జవాబు: కొవ్వాడకు షేరంటూ ఏదీ లేదండి. మన అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ఎన్‌పీసీఐఎల్ వాటాలన్నీ కేంద్ర ప్రభుత్వానివే, అది స్టాక్ మార్కెట్లో లేదు. కొవ్వాడలో పెట్టాలనుకుంటున్నవి 1,208 మెగావాట్ల ఏపీ-1000 రియాక్టర్లు ఆరు. ఈ రకానివే అమెరికాలోని వోగ్టల్‌లో రెండు కట్టేసరికి 1,400 కోట్ల డాలర్ల అంచనా కాస్తా 3,000 కోట్లు దాటింది. ఆ పని నడుస్తుండగానే, 2017లో, రియాక్టర్ తయారీ సంస్థ వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. మన సొంత డిజైన్‌తో గుజరాత్‌లో కట్టిన కాక్రపార కేంద్రం మూడో యూనిట్‌కు 2010లో కాంక్రీటు పోస్తే 2023లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. నాలుగు నెలల్లో పట్టుబడికొచ్చే చెరువు లెక్క ఇక్కడ పనికిరాదు.

కాబట్టి చిన్న మదుపరికి దొరికేది అణు విద్యుత్ కేంద్రం కాదు, దానికి సామాను చేసే కంపెనీ. మన 700 మెగావాట్ల రియాక్టర్లో ఇంధనం ఉండే గొట్టాలు అడ్డంగా 392 ఉంటాయి. ఒక్కో గొట్టానికి రెండు కొసలా ఎండ్ ఫిటింగ్ బిగిస్తారు, అంటే 784. రియాక్టర్ నడుస్తుండగానే ఇంధనం మార్చే యంత్రం వచ్చి పట్టుకునేది వీటినే. అందుకే వీటి కొలతల్లో వెంట్రుకవాసి తేడా కూడా కుదరదు, చేయగలిగిన కంపెనీలు కొన్నే. ఆవిరి జనరేటర్లు నాలుగు, వాటి పక్కన పెద్ద పంపులు నాలుగు. 2017లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి రియాక్టర్లు పదింటికి ఒకేసారి అనుమతిచ్చింది. అంటే 7,840 ఎండ్ ఫిటింగులు, 40 జనరేటర్లు. ఆ తర్వాత మళ్లీ అనుమతులొచ్చేదాకా కొత్త పని ఉండదు. దాళ్వాకు వంతులవారీగా నీళ్లు వదిలినట్టే ఉంటుంది ఈ ఆర్డర్ల తీరు. వంతు వచ్చినప్పుడు షేరు ఎగురుతుంది, కాలవ కట్టేశాక రెండు మూడేళ్లు కదలదు. జనం నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఎల్ అండ్ టీ, బీహెచ్ఈఎల్, కేఎస్‌బీ, వాల్‌చంద్‌నగర్, హైదరాబాద్ ఎంటార్ ఈ సామాను చేసేవాటిలో ఉన్నాయి. కానీ ఎల్ అండ్ టీ ఆదాయంలో అణు పని చిన్న ముక్క. ఎంటార్‌కు పెద్ద ఆదాయం అమెరికా కంపెనీకి చేసే ఫ్యూయల్ సెల్ భాగాల నుంచి వస్తోంది. ఎన్‌టీపీసీకి రాజస్థాన్ మాహీ బాంస్‌వాడా ప్రాజెక్టులో 49 శాతం వాటా ఉంది, అయినా అది ప్రధానంగా బొగ్గు కంపెనీయే.

కొనేముందు వార్షిక నివేదికలో మూడు చూడండి: ఆర్డర్ బుక్‌లో అణు వాటా ఎంత, బకాయిలు ఎన్ని రోజులకు వసూలవుతున్నాయి, ఐదేళ్లుగా లాభంతో పాటు చేతికి నగదు కూడా వస్తోందా. లాభం కనబడుతూ నగదు రాకపోతే డబ్బు తయారీలో ఉన్న సరుకులోనో బకాయిల్లోనో ఇరుక్కుపోయిందని అర్థం.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ అనే అణు విద్యుత్ చట్టం ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది. 2047కి 100 గిగావాట్ల (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) అణు విద్యుత్ అన్నది కేంద్ర ప్రభుత్వ లక్ష్యం. ఇప్పుడున్నది తొమ్మిది గిగావాట్లలోపే. పని ఉంటుంది, సందేహం లేదు. కానీ తర్వాతి పంట సీడుకీ మేతకీ కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకండి. అది తీశాక మిగిలినదాంట్లో ఇరవై, పాతిక వేలు, అదీ ఏడాది పొడవునా విడతలుగా పెట్టండి. మా సలహా అంతవరకే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు యురేనియం ఫండ్ కొనమంటున్నాడు. ఇక్కణ్నించి కుదురుతుందా? – ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: కుదురుతుందమ్మా. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి ఒక్కొక్కరు 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. బ్యాంకులో ఎ2 ఫారం ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను. పైసా ఆదాయం రాకపోయినా రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాల్సిందే. చాలామంది మరిచేది ఇదే. ఇంకొకటి: మీ పేరిట అమెరికా షేర్లు 60,000 డాలర్లు దాటి ఉంటే, మీ తదనంతరం అక్కడి వారసత్వ పన్ను పడుతుంది.

పేరులో యురేనియం ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. అమెరికా మార్కెట్లో దొరికే యూఆర్ఏ అనే ఫండులో ప్రధానంగా గని కంపెనీలుంటాయి. ఎన్ఎల్ఆర్ అనే ఫండులో విద్యుత్ కంపెనీలు కూడా ఉంటాయి కాబట్టి ఊగిసలాట కొంత తక్కువ. పౌను యురేనియం 2007లో 130 డాలర్లు దాటి, ఫుకుషిమా తర్వాత జారుతూ 2016లో 20 లోపుకు పడి, 2024 జనవరిలో 100 దాటింది, 2025 మార్చికల్లా మళ్లీ 65 దగ్గరికొచ్చింది. ఈ ఊపు తట్టుకోగలిగితేనే దిగండి.

ప్రశ్న: ఎన్‌పీసీఐఎల్ ఐపీఓకు ముందే వాటాలిస్తామని వాట్సాప్ గ్రూపులో రెండు లక్షలు అడుగుతున్నారు. – విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: కట్టకండి మాస్టారూ, అది మోసం. అమ్మడానికి బయట ఆ వాటాలే లేవు. నిజమైన ఐపీఓ అయితే సెబీ వెబ్‌సైటులో పత్రం ఉంటుంది, షేర్లు కేటాయించేదాకా డబ్బు మీ ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, ఎవరి ఖాతాకూ పంపక్కర్లేదు.

మీకు వడ్డీ కావాలంటే ఎన్‌పీసీఐఎల్ బాండ్లు ఉన్నాయి, ట్రిపుల్ ఏ, అంటే భద్రతలో అన్నిటికన్నా పై రేటింగువి. సెబీ నమోదు ఉన్న బాండ్ ప్లాట్‌ఫారంలో, మీ డీమ్యాట్ ఖాతాలోకే కొనండి. కూపన్ (బాండు మీద రాసిన వడ్డీ) కాదు, ఈ రోజు ధరకు గడువుదాకా వచ్చే రాబడి ఎంతో అడగండి. పాతవాటిలో ఒక్కో బాండే 10 లక్షలది కావచ్చు, మధ్యలో అమ్మాలంటే కొనేవాళ్లు చటుక్కున దొరకరు. ఇప్పటికే ఆ గ్రూపుకు ఏమైనా పంపి ఉంటే ఈ పేజీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే చెబితేనే ఆపగలరు.